ఇళ్ళు కట్టించి, చెట్టు చెట్టుకీ పరిహారం ఇచ్చాక కూడా బంగారు గనుల దగ్గర ఊళ్ళవాళ్ళు ఎందుకు తిరగబడతారు?

ప్రశ్న అడిగినాయన మైనింగ్‌లో బీటెక్ చేసి, సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో మూడేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేశారట. ఇప్పుడు ఘానాలో ఒక బంగారు గని నుంచి భూసేకరణ, పునరావాస విభాగంలో ఉద్యోగానికి పిలుపు వచ్చింది. "కంపెనీ సిమెంటు ఇళ్ళు కట్టించింది, కోకో చెట్లకి లెక్కగట్టి డబ్బిచ్చింది. అయినా ఏడాదికి రెండుసార్లు రోడ్డు మూసేస్తారంట. వాళ్ళకి ఇంకేం కావాలి? నేను వెళ్ళొచ్చా?" అని ఆయన సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. రోడ్డుకి అడ్డంగా దుంగ పడేసేవాళ్ళలో పరిహారం అందుకున్నవాళ్ళు తక్కువ. పరిహారం జాబితాలో పేరు లేనివాళ్ళే ఎక్కువ. డబ్బు తీసుకున్నవాడికి కోపం ఉన్నా అది రేటు మీద. కూర్చుని మాట్లాడితే ఎంతో కొంత తీరుతుంది. పేరే లేనివాడిని మాట్లాడటానికి ఎవరూ పిలవరు. వాడికి మిగిలేది రోడ్డే. ఇక ఉద్యోగం సంగతి. వెళ్ళండి. కానీ ఆ కంపెనీ జాబితా ఎలా రాసిందో కనుక్కుని వెళ్ళండి. ఎలా కనుక్కోవాలో చివర్లో చెప్తాను.

నాది కర్నూలు జిల్లా. వృత్తి సర్వే. ఘానాలో పదకొండేళ్ళు ఉన్నాను. మొదట కొలతలకే వెళ్ళాను. కొలిచిన ప్రతి చెక్క దగ్గరా ఎవడో ఒకడు వచ్చి "ఇది నాది" అనేవాడు. వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ చివరికి పునరావాసం టీములోనే తేలాను. కాబట్టి ఇక్కడ చెప్పేవి పుస్తకాల్లో చదివినవి కొన్ని, నేను చేసిన తప్పులు కొన్ని.

మీకు తెలియాల్సిన మొదటి సంగతి అక్కడి భూమి. ఘానాలో నేల కింది ఖనిజం రాజ్యాంగం ప్రకారం దేశానిది, ప్రజల తరఫున అధ్యక్షుడి పేరు మీద ఉంటుంది. పైనున్న నేలలో ఎక్కువ భాగం తెగలదీ కుటుంబాలదీ. తెగ పెద్దని చీఫ్ అంటారు, ఆయన కూర్చునే పీటని స్టూల్ అంటారు, తెగ భూమి 'స్టూల్ భూమి'. మన పట్టాదారు పాసుపుస్తకం లాంటిది చాలామంది దగ్గర ఉండదు. సరిహద్దు అంటే ఒక వాగు, ఒక పెద్ద చెట్టు, పక్క పొలం ముసలాయన జ్ఞాపకం. అంతే.

ఆ నేల మీద కోకో. కోకో పొలంలో పనిచేసేవాడు చాలాచోట్ల ఆ ఊరివాడు కాదు. దేశం ఉత్తరం నుంచి, ఒక్కోసారి సరిహద్దు దాటి కూడా, వలస వచ్చిన మనిషి. వాళ్ళ ఒప్పందాలు రెండు రకాలు. కాపు కాస్తున్న తోటని చూసుకుంటూ దిగుబడిలో మూడో వంతు తీసుకుంటే 'అబుసా'. అడవిలాంటి నేలని తీసుకుని, తన చేత్తో మొక్క నాటి, పెంచి, కాపుకి వచ్చాక తోటని సగం సగం పంచుకుంటే 'అబును'. మన కౌలుకీ పాలుకీ మధ్యలో ఉంటుందనుకోండి. కాగితం ఉండదు. ఇద్దరు సాక్షుల ముందు, ఒక సీసా మందు పోసి చెప్పిన మాటే ఒప్పందం. కోకో మొక్క కాపుకి రావాలంటే మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది. ఆ ఐదేళ్ళూ అబును మనిషి మొక్కల మధ్య అరటీ, కోకోయమ్ దుంపా వేసుకుని తింటూ సగం తోట కోసం ఎదురుచూస్తాడు. నాలుగో ఏట గని వచ్చిందనుకోండి.

నాకు ఎదురైంది ఇదే. చెట్లు లెక్కపెట్టే రోజున పొలంలో ఆరుగురం ఉండేవాళ్ళం. విలువ కట్టే వాల్యూయర్, నేను, రైతు తరఫు మనిషి, రాసేవాడు, పెయింటు డబ్బా పట్టుకున్న కుర్రాడు, ఫొటో తీసేవాడు. లెక్కపెట్టిన ప్రతి కోకో కాండం మీదా మోకాలి ఎత్తున ఎర్ర గీత, రెండుసార్లు లెక్కలోకి రాకుండా. చివర్లో రైతు చేతికి పలక ఇచ్చి, దాని మీద పొలం నంబరు రాసి, తోట కనబడేలా నిలబెట్టి ఫొటో. ఆ రోజు ఫొటో కోసం కుమాసీ పట్నం నుంచి ఒకాయన కారులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు. బూట్లకి బురద అంటకుండా ఆకుల మీద అడుగులేస్తున్నాడు. ఆయన వెనక, చెట్ల నీడలో, చేతిలో కత్తితో ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. పొలానికి దారి చూపించింది ఆయనే. ఏ చెట్టు ఎప్పుడు నాటారో చెప్పిందీ ఆయనే. పలక మాత్రం బూట్ల ఆయన పట్టుకున్నాడు.

నాకు అనుమానం వచ్చింది, అడిగాను కూడా. అబును అని తేలింది. కానీ మా ఫారంలో 'రైతు పేరు' అని ఒకటే గడి. రెండో పేరుకి చోటు లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో ఆయన పేరు రాశాను, నా పని నేను చేశాననుకున్నాను. ఆఫీసులో ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు మార్జిన్‌కి కాలమ్ లేదు. పేరు పోయింది. చెక్కు బూట్ల ఆయనకి వెళ్ళింది.

ఎనిమిది నెలల తర్వాత ఒక సోమవారం తెల్లారేసరికి మా డంపర్ల రోడ్డు మీద దుంగ పడింది. ముప్పై నలభైమంది, తలకి ఎర్ర గుడ్డలు. అక్కడ ఎరుపు చావుకీ కోపానికీ గుర్తు. ముందు వరుసలో ఆ కత్తి ఆయన. నన్ను గుర్తుపట్టాడు. తిట్టలేదు. "నువ్వు నా పేరు రాసుకున్నావు కదా" అన్నాడు.

నాలుగు రోజులు లారీలు ఆగాయి. ఐదో రోజు కంపెనీ దిగొచ్చి, పాలికాపుల కోసం విడిగా లెక్క తీయడానికి ఒప్పుకుంది. ఫారంలో రెండు గడులు పెట్టాం, 'భూమి ఎవరిది', 'పంట ఎవరిది' అని. ఊరి పెద్దల్ని ఇద్దరు సాక్షులుగా కూర్చోబెట్టాం. చెక్కు ఒకటి కాకుండా రెండు రాయించాం. ఆ పాలికాపులందరికీ కలిపి ఇచ్చిన మొత్తం, నాలుగు రోజులు లారీలు ఆగినందుకు పోయినదానిలో చిన్న ముక్క. ఆ రెండో గడి మొదటి రోజే ఉండి ఉంటే ఆ చిన్న ముక్కతోనే పోయేది.

చట్టం లేక కాదు. ఘానా గనుల చట్టం 2006 నాటిది, 703వ నంబరు. పరిహారం అడిగే హక్కు యజమానితో పాటు చట్టబద్ధంగా అనుభవంలో ఉన్నవాడికీ ఉందని అందులో ఉంది. పంట పోయినందుకే కాక, ఆ చెట్టు ఇంకా ఎన్నేళ్ళు కాసేదో చూసి రాబోయే ఆదాయానికీ కట్టాలని ఉంది. ఇల్లు పోయినవాళ్ళు పునరావాసమే కావాలంటే, వాళ్ళ బతుకుతెరువూ ఆచారాలూ దృష్టిలో పెట్టుకుని తగిన చోట ఇవ్వాలనీ ఉంది. 2012లో దీని కోసం విడిగా నియమాలు వచ్చాయి. ఇవి కాక, ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ దగ్గర అప్పు తీసుకున్న గని అయితే వాళ్ళ ఐదో ప్రమాణం పాటించాలి. నేల మీద ఏ చట్టబద్ధమైన హక్కూ లేనివాడికి కూడా అతని కట్టడానికి, పంటకి ఇచ్చి, బతుకుతెరువు నిలబెట్టాలని అది చెప్తుంది. కాగితం మీద అన్నీ బాగానే ఉన్నాయి. ఫారంలో గడి దగ్గరే తేడా వస్తుంది.

కటాఫ్ తేదీ గురించి. ఇది మీకు కొత్తేం కాదు. పోలవరం ముంపు గ్రామాల్లో ఏ తేదీకి పద్దెనిమిదేళ్ళు నిండాలన్న దాని మీద ఎంత గొడవైందో చూశాం. గని దగ్గర కూడా ఒక తేదీ ప్రకటిస్తారు. ఆ తర్వాత నాటిన చెట్టుకీ కట్టిన గోడకీ లెక్క లేదు. కాకపోతే ఆ తేదీ ఊళ్ళో డప్పు కొట్టి చెప్పేలోపే ఎవరికో తెలిసిపోతుంది. రాత్రికి రాత్రి పొలంలో కోకో మొక్కలు వరి నారుమడిలా మొలుస్తాయి. జానెడేసి దూరంలో. నేను ఒక్క ఎకరంలో, అడుగు పెట్టడానికి చోటు లేనంత ఒత్తుగా నాటిన మొక్కలు చూశాను. సగం వేర్లు కూడా దిగలేదు, చేత్తో లాగితే వచ్చేశాయి. తాంజానియాలో విక్టోరియా సరస్సుకి తూర్పున, నార్త్ మారా అనే బంగారు గని చుట్టూ ఉన్న ఊళ్ళలో దీనికి ఒక పేరే ఉంది, 'తెగేషా'. స్వాహిలీలో వల వేయడం, ఉచ్చు పన్నడం లాంటి అర్థం. గని విస్తరిస్తుందని తెలిసిన చోట పలచటి గోడలూ రేకులూ లేపి ఇళ్ళని చూపిస్తారు.

ఈ తెగేషాగాళ్ళు ఎవరు? కొత్తగా చేరినవాళ్ళు ఇక్కడ తప్పటడుగు వేస్తారు. "ఊళ్ళోవాళ్ళు మోసగాళ్ళు" అని తేల్చేస్తారు. నేను చూసినంతలో రాత్రి మొక్కలు నాటించిన పెట్టుబడి పట్నం నుంచి వచ్చింది. అందులో మా సొంత ఆఫీసులోంచి మ్యాపు తీసుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో బీదవాడికి మొక్క కొనడానికి డబ్బులెక్కడివి? కూలికి నాటాడు, అంతే. కానీ కంపెనీ కోపంతో గట్టిగా బిగించినప్పుడు దెబ్బ తగిలేది వాడికే. తేదీ తర్వాత నాటిన చెట్లు అని మొత్తం చెక్కనే కొట్టేస్తారు, దాని అంచున ముసలామె పదేళ్ళుగా పెంచుకుంటున్న పదిహేను చెట్లూ అందులో పోతాయి. దీనికి మందు ఒకటే. తేదీ ప్రకటించిన రోజే పైనుంచి ఫొటో తీయించి, ఆ ఫొటో పెద్ద సైజులో ప్రింటు వేసి ఊరి మధ్య గోడకి అంటించాలి. మేం ఒక ఊళ్ళో అంటించాం. మూడు రోజులు జనం దాని ముందు నిలబడి ఎవరి పొలం ఎక్కడుందో వేలు పెట్టి చూపించుకున్నారు. ప్రింటు కాగితం ఆ వేళ్ళకి మధ్యలో చిరిగిపోయింది. ఆ ఊళ్ళో లెక్క మీద తగాదా దాదాపు లేదు.

ఇప్పుడు ఇళ్ళ సంగతి. మీరు 'సిమెంటు ఇళ్ళు' అన్నారు. నిజమే, చూడటానికి మన ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీల్లా వరసగా ఉంటాయి, రేకుల కప్పు, బోరు, కరెంటు. గదికి గది లెక్కన ఇస్తారు. పాత ఇంట్లో నాలుగు గదులుంటే కొత్తింట్లో నాలుగు. కాగితం మీద ఎవరికీ నష్టం లేదు. కానీ పాత ఇల్లు ఎలా ఉండేదో చూడాలి. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. ఒకామె, ఆమె చెల్లెలు, వాళ్ళ పిల్లలు, పెళ్ళై తిరిగొచ్చిన మేనకోడలు. వాకిట్లో పెద్ద చెక్క రోలు. సాయంత్రం ఫుఫూ (ఉడికించిన దుంపల ముద్ద) దంచుతుంటే, ఒకరు రోకలి వేస్తే ఇంకొకరు వేళ్ళు నలగకుండా పిండి తిప్పుతారు, ఆ చప్పుడే ఊరి చప్పుడు. కొత్తింట్లో ఆ నాలుగు గదులూ ఒక తలుపు వెనక ఒక వరసలో పెట్టేశారు. వంటగది లోపల, మన అపార్టుమెంటులా. అందులో కట్టెపొయ్యి పెడితే పొగ, రోలు పెడితే నేల పగులుతుంది. ఏడాదిలోపు ప్రతి ఇంటి వెనకా తాటాకు పందిరి లేచింది. మా ఆర్కిటెక్టు దాన్ని 'ఆక్రమణ' అని రిపోర్టు రాశాడు. ఆయన తన జీవితంలో ఒక్కసారీ ఫుఫూ దంచలేదనుకుంటాను.

ఆడవాళ్ళ విషయం ఇంకా లోతైనది. అక్కడి అకాన్ జనంలో ఆస్తి తల్లి వరసలో దిగుతుంది. మగవాడి ఆస్తి అతని పిల్లలకి కాక అక్కచెల్లెళ్ళ పిల్లలకి పోయే సంప్రదాయం. భార్య భర్త పొలంలో పాతికేళ్ళు పనిచేసినా, సంప్రదాయం ప్రకారం ఆ పొలం మీద ఆమెకి గట్టి పట్టు లేదు. అందుకే అక్కడ తెలివైన ఆడవాళ్ళు పెళ్ళైనా సొంతంగా ఒక చిన్న చెక్క సంపాదించుకుని పెట్టుకుంటారు. ఇప్పుడు పరిహారం చెక్కు ఇంటి యజమాని పేరు మీద ఇచ్చారనుకోండి. నేను చెప్పకుండానే మీకు అర్థమవుతుంది. పట్నంలో రెండో కాపురం, ఒక టాక్సీ. టాక్సీ రెండేళ్ళు తిరుగుతుంది, మూడో ఏడు చక్రాల్లేకుండా ఇటుకల మీద కూర్చుంటుంది. మాకు వచ్చిన ఫిర్యాదుల్లో ఆడవాళ్ళవి మొదటి ఏడాది తక్కువ, మూడో ఏడాది ఎక్కువ. మొదట్లో మా మేనేజరు దీన్ని 'సద్దుమణిగింది' అనుకున్నాడు. ఆమెకి తెలిసేసరికే మూడో ఏడు వచ్చింది, అదీ సంగతి. ఇద్దరి పేర్లతో జాయింటు ఖాతా, చెక్కు ఇచ్చే రోజు ఇద్దరూ ఎదురుగా ఉండటం. దీని కోసం మీరు పోట్లాడాల్సి వస్తే పోట్లాడండి.

రేటు మీద బేరం గురించి ఎక్కువ రాయను. ప్రతి ప్రాజెక్టులోనూ కమిటీ వేస్తారు, చీఫ్‌లూ రైతు ప్రతినిధులూ కంపెనీవాళ్ళూ కూర్చుంటారు, నెలల తరబడి సాగుతుంది, చివరికి ఏదో ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఒక్క సలహా. ఏకమొత్తం ఎంత పెద్దదైనా దాన్ని చెట్టు పోయిన ఏళ్ళతో పోల్చి చూడండి. కోకో చెట్టు దశాబ్దాల పాటు కాస్తుంది. దాని డబ్బు ఏటా కోతల కాలంలో, పిల్లల ఫీజులు కట్టే వేళకి వస్తుంది. అదంతా ఒకేసారి ఇచ్చేస్తే అది రైతుకి పెట్టుబడిగా కనబడదు, లాటరీగా కనబడుతుంది. పైగా గని వచ్చిన చుట్టుపక్కల నేల ధర పెరిగిపోతుంది, ఆ డబ్బుతో అంత నేల దొరకదు. భూమికి భూమి ఇచ్చిన చోట గొడవ తక్కువ. ఇది నా ఒక్కడి మాట కాదు. నిర్వాసితుల మీద జీవితమంతా పనిచేసిన మైకేల్ చెర్నియా అనే ఆయన ఊరు ఖాళీ అయినప్పుడు వచ్చే ముప్పులు ఎనిమిది లెక్కపెట్టాడు. భూమి పోవడం, పని పోవడం, ఇల్లు పోవడం, సమాజంలో స్థానం పోవడం, తిండికి కరువు, రోగాలు, అందరిదీ అయిన అడవీ బీడూ పోవడం, ఊరి కట్టు చెదిరిపోవడం. నగదు వీటిలో ఒకటి రెండింటికే పనికొస్తుందని ఎవరైనా చూడగలరు.

సమాధుల గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే అందరూ దీన్నే పెద్ద సమస్య అని భయపెడతారు. నా అనుభవంలో సమాధులు, దేవుడి చెట్లు తరలించడం చాలా తేలిగ్గా జరిగిన పని. పెద్దల్ని అడిగి, వాళ్ళు చెప్పిన గొర్రె, చెప్పిన ష్నాప్స్ మందు సీసాలు తెచ్చి, నేల మీద పోసి పూర్వీకులతో మాట్లాడనిస్తే చాలు. అక్కడ కంపెనీ తొందరపడదు, భయపడుతుంది కాబట్టి. బతికున్నవాళ్ళ విషయంలోనూ అంత భయం ఉంటే బాగుండేది.

ఇక గని గొడవల్లో పత్రికలకెక్కే భాగం. చిన్న తవ్వకందార్లు. ఘానాలో వీళ్ళని 'గలంసే' అంటారు, ఇంగ్లీషులో 'ఏరుకొచ్చి అమ్ముకో' అన్న మాట నలిగి నలిగి అలా అయిందని చెప్తారు. మీరు వెళ్ళే చోట కంపెనీ సెక్యూరిటీ వీళ్ళని దొంగలంటుంది. వాళ్ళని అడిగితే దొంగ కంపెనీయే అంటారు. రెండు మాటలకీ చరిత్ర ఉంది. అశాంతి ప్రాంతంలో ఒబువాసి గనిని 1897లో మొదలుపెట్టారు. అంతకుముందు శతాబ్దాల నుంచీ అక్కడ జనం బంగారం కడుగుతూనే ఉన్నారు. ఘానా చిన్న తవ్వకాలకి లైసెన్సు ఇచ్చే చట్టం తెచ్చిందే 1989లో. ఆ లైసెన్సు దేశీయులకే. కానీ లైసెన్సు ఇవ్వాలంటే ఖాళీ నేల ఉండాలి, మంచి నేల అంతా అప్పటికే పెద్ద లీజుల కింద ఉంది. కాబట్టి తాతల నాటి పని చేసుకునేవాడు ఒక ఉదయం లేచి చూస్తే అక్రమం అయిపోయాడు. తర్వాత పరాయి దేశాల పెట్టుబడి, ఎక్స్‌కవేటర్లు, వాగులో పాదరసం వచ్చాయి. ప్రా, ఓఫిన్ నదుల నీళ్ళు టీ రంగుకి మారాయి. దాన్ని సమర్థించడానికి నా దగ్గర మాటల్లేవు. తట్టా పారా పట్టుకున్న కుర్రాడినీ ఎక్స్‌కవేటర్ యజమానినీ ఒకే గాటన కట్టకండి, అంతవరకే నేను చెప్పేది.

పరిహారం జాబితాకీ వీళ్ళకీ సంబంధం ఏమిటంటారా? జాబితాలో గలంసే కుర్రాడి పేరు ఎప్పుడూ ఉండదు. వాడికి పొలం లేదు, చెట్టు లేదు, ఇల్లు నాన్నది. కానీ గని వచ్చాక వాడి రోజు కూలి పోయింది. పొలం పోయిన ఇంట్లో రెండో కొడుకూ వాడే. నాన్నకి వచ్చిన డబ్బు టాక్సీలో పోయింది. ఇప్పుడు గని గోడ అవతల, కంపెనీకి అక్కర్లేదని పారబోసిన రాళ్ళ గుట్టలో ఇంకా కాస్త బంగారం ఉందని వాడికి తెలుసు. రాత్రి కంచె దూకుతాడు.

కంచె దూకిన చోట తుపాకీ ఉంటే ఏమవుతుందో నార్త్ మారాలో చూశాం. గని రాకముందు అక్కడి కురియా జనం చాలామంది చేత్తో తవ్వుకునేవాళ్ళు. గని వచ్చాక రాళ్ళ గుట్టల మీదికి గుంపులు గుంపులుగా రావడం మొదలైంది. 2011 మే నెలలో పోలీసు కాల్పుల్లో ఒక్క రోజే ఐదుగురు చనిపోయారు. బాధిత కుటుంబాలు లండన్ హైకోర్టు దాకా వెళ్ళాయి. 2015లో రాజీ అయింది. ఒబువాసిలోనూ అంతే. 2014లో గని దాదాపు మూతపడి, 2016లో సైనికులు వెళ్ళిపోగానే వందలమంది లోపలికి వచ్చేశారు. ఆ ఫిబ్రవరిలో గొడవ మధ్యలో పరుగు తీస్తున్న గని అధికారి ఒకాయన వాహనం కింద పడి చనిపోయాడు. 2025 జనవరిలో అదే గని దగ్గర సైనికుల కాల్పుల్లో కనీసం ఏడుగురు పోయారు. రెండు వైపులా ప్రాణాలే. ఒక్కసారి తుపాకీ పేలాక మీలాంటి పునరావాస ఆఫీసరు చేయగలిగింది ఏమీ ఉండదు. అంతవరకు కట్టుకున్న నమ్మకం ఒక్క పూటలో పోతుంది, మళ్ళీ కట్టాలంటే పదేళ్ళు.

చీఫ్‌ల గురించి. "చీఫ్ ఒప్పుకున్నాడు, ఊరు ఒప్పుకున్నట్టే" అని మీకు చెప్తారు. నమ్మకండి. చీఫ్ మాటకి విలువ ఉంది, కాదనను. కానీ స్టూల్ భూముల ఆదాయం ఎలా పంచాలో ఘానా రాజ్యాంగంలోనే ఉంది. పరిపాలన ఖర్చుకి 10 శాతం తీశాక, మిగిలినదాంట్లో 25 శాతం స్టూల్‌కి, 20 శాతం సంప్రదాయ మండలికి, 55 శాతం జిల్లా అసెంబ్లీకి. పొలం పోయిన రైతుకి అందులో విడిగా వాటా లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు మనవాళ్ళు. అక్కడ వడ్డించేవాళ్ళ చుట్టాలు ఎవరో ముందు తెలుసుకోండి. మంచి ఉదాహరణ కూడా ఉంది. అహాఫో ప్రాంతంలో 2006లో బంగారం తీయడం మొదలుపెట్టిన గని వల్ల సుమారు 1,700 కుటుంబాలు ఇళ్ళో పొలాలో పోగొట్టుకున్నాయి. అక్కడ 2008లో ఊళ్ళూ కంపెనీ కూర్చుని, తీసిన ప్రతి ఔన్సుకి ఒక డాలరు, లాభంలో ఒక శాతం ఒక నిధిలో వేసేలా ఒప్పందం రాసుకున్నారు. లోపాలున్నాయి, పంచే దగ్గర ఊరికీ ఊరికీ మధ్య లాగులాట ఉంది. కానీ అంకె అందరికీ తెలిసిన అంకె. బడిలో బల్ల ఎక్కడ నుంచి వచ్చిందో పిల్లాడు కూడా చెప్పగలడు. అది తక్కువ సంగతేం కాదు.

మన దగ్గరి మాట కూడా ఒకటి, ఎందుకంటే ఈ జవాబు చదివేవాళ్ళలో మా జిల్లాలో బంగారు గని ఉన్న తుగ్గలి, జొన్నగిరి వైపువాళ్ళూ ఉండొచ్చు. మన 2013 భూసేకరణ చట్టంలో 'బాధిత కుటుంబం' అన్న నిర్వచనం చదవండి. సొంత భూమి లేని కూలీలు, ఏ రకమైన కౌలుదారులైనా, పాలికాపులు, చేతివృత్తులవాళ్ళు, భూమి తీసుకోవడానికి ముందు మూడేళ్ళుగా అక్కడే బతుకుతూ ఉంటే బాధితులే. ఘానాలో మేం రోడ్డు మూసుకున్నాక నేర్చుకున్నది ఇక్కడ చట్టంలోనే రాసి ఉంది. కానీ మూడేళ్ళ నుంచి నువ్వే చేస్తున్నావని చూపించే కాగితం ఏది? మన ఊళ్ళలో కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. ఎక్కడ కౌలు కార్డు ఇవ్వాల్సొస్తుందోనని యజమాని ఏటా చెక్క మారుస్తాడు. అడంగల్‌లో సాగు చేసేవాడి గడి ఉంది, అందులో కూడా యజమాని పేరే ఉంటుంది. నా పెన్సిల్ మార్జిన్‌కీ దీనికీ తేడా ఏమీ లేదు. కౌలు చేసేవాళ్ళు ఎరువుల బిల్లు, విత్తనాల బిల్లు, ధాన్యం అమ్మిన చీటీ, ఏది దొరికితే అది మీ పేరు మీద తీసుకుని దాచుకోండి.

సరే, ఉద్యోగానికి ముందు ఏం అడగాలి. ఇంటర్వ్యూ చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అంటారు కదా, అప్పుడు.

జాబితా ఫారం ఖాళీది ఒకటి చూపించమనండి. రెండో పేరుకి గడి ఉందా లేదా చూడండి. అరనిమిషం పని.

ఫిర్యాదుల పుస్తకం ఎక్కడుంటుందో అడగండి. ప్రతి గనికీ ఒకటి ఉండాలి. ఊళ్ళో ఉందా, గని గేటు లోపల ఉందా? గేటు లోపల ఉంటే గార్డుని దాటి వచ్చి ఫిర్యాదు చేసేవాడు ఎవడూ ఉండడు. ఆ పుస్తకంలో ఫిర్యాదులు అస్సలు లేకపోతే సంతోషించకండి. ఫిర్యాదుల్లేని గనిని నేను చూడలేదు, ఫిర్యాదు రాసుకోని గనుల్ని చూశాను.

మీ విభాగం ఎవరి కింద ఉంటుందో కూడా తెలుసుకోండి. సెక్యూరిటీ మేనేజరు కింద ఉంటే వద్దు. నేను ఒక ఏడాది అలా పనిచేశాను. పొద్దున నేను ఎవరి ఇంట్లో కూర్చుని మాట్లాడానో, రాత్రి వాళ్ళ ఇంటి ముందు జీపు ఆగేది. నా మూలంగానే ఆగిందని వాళ్ళు అనుకున్నారు, అనుకోవడంలో తప్పులేదు. జనరల్ మేనేజరుకి నేరుగా రిపోర్టు చేసే పదవి అయితే చేరండి.

చివరగా, నెలలో ఎన్ని రోజులు ఊళ్ళో ఉండనిస్తారో. క్యాంపులో ఏసీ గదీ, వారానికోసారి ఎవరో ఒక తెలుగాయన వండే సాంబారూ బాగానే ఉంటాయి. కానీ భాష ఊళ్ళోనే వస్తుంది. ట్వీ భాషలో నమస్కారం, కుశలప్రశ్నలు, పది మాటలు ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టండి. పెద్దల ముందు ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. అది మనకీ అలవాటే కాబట్టి మీకు కష్టం కాదు. వలంటీరో డ్రైవరో అనువాదం చేస్తాడులే అనుకోకండి. ఆ డ్రైవరు పొలం కూడా జాబితాలో ఉండొచ్చు.

యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకుని పసుపు పుస్తకం పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి, అది లేకపోతే అక్రా విమానాశ్రయంలో ఆపేస్తారు. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడగండి. చేరాక ఆ ఖాళీ ఫారం సంగతి ఏమైందో ఇక్కడ రాయండి, చూస్తాను.